పిస్కాటవేలో అబుల్‌ఖైర్ ఖాన్ హరికథ

హనుమయ్యకు రెండు విద్యలు వచ్చు. ఒకటి మందు మాత్రలకు పైపూత వెయ్యడం, రెండోది హరికథ చెప్పడం. మొదటి విద్యకు న్యూజెర్సీలోని ఒక మందుల కంపెనీ ముప్ఫై ఏళ్ళకు పైగా జీతమిచ్చి గౌరవంగా రిటైర్ చేసింది. రెండో విద్యకు మా తెలుగు సంఘం వాళ్ళు భోజనాల వేళ కేటాయించేవారు. స్టేజీ మీద హనుమయ్య సీతమ్మవారి శోకం చెబుతుంటే కింద జనం ప్లేట్లు పట్టుకుని బిర్యానీ లైన్లో నిలబడేవారు. "పెరుగన్నం ఎటువైపు?" అన్న కేక అశోకవనం మధ్యలోంచి వినబడేది. అయినా అతను ఒక్క చరణం తగ్గించేవాడు కాదు.

వెనకాల మృదంగం మీద ఉండేది నేను. నా పేరు భాస్కర్. వంతెనలు కట్టే ఇంజనీర్ని, నేనూ రిటైరయ్యాను. ఆ న్యూజెర్సీలోనే, పిస్కాటవే అనే ఊళ్ళో, మా రెండిళ్ళకీ మధ్య ఒక్క వీధే అడ్డం. హనుమయ్య గురించి నేను చెప్పే మాటల్లో కాస్త వెటకారం వినిపిస్తే, అది నలభై ఏళ్ళ స్నేహంలో పుట్టిన వెటకారం. దాన్ని అలాగే తీసుకోవాలి.

తెనాలి దగ్గర అతని మేనమామ హరికథలు చెప్పేవాడట. బడి సెలవుల్లో ఆయన వెంట ఊళ్ళు తిరిగి చిడతలు పట్టడం, గజ్జె కట్టి అడుగు వెయ్యడం నేర్చుకున్నాడు. డెబ్భైల్లో ఇక్కడికొచ్చాక ఇంటి బేస్‌మెంటే అతనికి రంగస్థలమైంది. ఆ ఇంట్లో కథ వినడం తప్పించుకోలేని మనిషి అతని భార్య సుమతి. పైన వంటింట్లో ఆవిడ ఉప్మాలో జీడిపప్పు వేసేసరికి కింద లంక అంటుకునేది. కూతురు విద్య మాత్రం చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పెరిగింది. అయినా అయోధ్యలో ఎవరు ఎవరికి ఏమవుతారో అడిగితే తడుముకోకుండా చెబుతుంది. గోడల్లోంచి ఎక్కి ఉంటుంది.

ఆ విద్య 2012లో ఒక అబ్బాయిని ఇంటికి తీసుకొచ్చింది. పేరు సంజీ. హైస్కూల్లో లెక్కల మాస్టారు. విద్య ఫిజియోథెరపీ చేసే క్లినిక్‌కి భుజం నొప్పితో వచ్చి, నొప్పి పోయాక కూడా వస్తూనే ఉన్నాడట. వాళ్ళు కల్మిక్ అనే జాతివాళ్ళు, మంగోలుల్లో ఒక శాఖ, బౌద్ధులు. మాకు దక్షిణంగా కాస్త దూరంలో హోవెల్ అనే ఊళ్ళో వాళ్ళ గుడి ఉంది, వాళ్ళ ఇళ్ళున్నాయి. సుమతి అబ్బాయి ముఖం చూసింది, చేతులు కడుక్కుని అన్నం తినే తీరు చూసింది, తృప్తిపడింది. హనుమయ్య ఒక్కటే ప్రశ్న వేశాడు.

"పాటలు వింటావా?"

"వింటాను సర్," అన్నాడు సంజీ.

"ఇంకేం కావాలి," అని హనుమయ్య పెళ్ళికి ఒప్పేసుకున్నాడు. ఇటువైపు పెళ్ళి అంత సులువుగా కుదిరింది. చిక్కు అటువైపు వచ్చింది.

సంజీకి తండ్రి లేడు. పెంచింది తల్లి, తాత. తాత పేరు దోర్జీ, ఎనభై దాటిన మనిషి. రెండో ప్రపంచ యుద్ధంలో రష్యాలో ఇల్లూ వాకిలీ వదిలి, జర్మనీ శరణార్థి శిబిరాల్లో పెరిగి, ఇరవయ్యేళ్ళ వయసులో అమెరికా వచ్చి వడ్రంగం చేసుకు బతికాడు. వాళ్ళలో పెళ్ళి జరగాలంటే ఇంటి పెద్ద లేచి నిలబడి తమ భాషలో ఆశీర్వాదం పలకాలి. దాన్ని యొరాల్ అంటారట. ఆ ఇంట్లో ఆ భాష పూర్తిగా వచ్చినవాడు దోర్జీ ఒక్కడే. ఆయన ఔననడం లేదు, కాదనడం లేదు.

హనుమయ్య, సుమతి హోవెల్ వెళ్ళి ఆయన్ని కలిశారు. కారు నడిపింది నేను కాబట్టి నేనూ చూశాను. సన్నగా, నిటారుగా ఉన్న మనిషి. మాకు ఉప్పూ వెన్నా వేసిన టీ ఇచ్చాడు. హనుమయ్య గుటక వేసి మర్యాదగా కళ్ళు మూసుకున్నాడు. నేను మూసుకోకుండానే తాగాను.

దోర్జీ ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటే తూచినట్టు మాట్లాడాడు. "మీ అమ్మాయి మంచిది. ఆమె మీద నాకేం లేదు. కానీ మేం కొద్దిమందిమి. పండగనాడు గుడికి వెళితే ఏడాదికేడాది కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. వీడు మీవైపు వచ్చేస్తే మావైపు ఎవరు మిగులుతారు? వీడి పిల్లలకి మేమెవరమో ఎవరు చెబుతారు?" మా కప్పులు తీస్తూ, "మీ ఇంటికి ఒకసారి వస్తాను. చూసి చెబుతాను," అన్నాడు.

తిరుగు ప్రయాణంలో విద్య ఫోన్ చేసింది. స్పీకర్లో అందరం విన్నాం.

"నాన్నా, తాత యొరాల్ చెప్పకపోతే సంజీ పెళ్ళి ఆపడు. చేసుకుంటాడు. కానీ లోపల హ్యాపీగా ఉండడు. అప్పుడు నేను కూడా ఉండను. ప్లీజ్, ఆయన మన ఇంటికి వచ్చినప్పుడు నైస్‌గా ఉండు, ఓకే?"

"నేనెప్పుడు నైస్‌గా లేనే?" అన్నాడు హనుమయ్య. మా ఊరి ఎగ్జిట్ వచ్చింది. అప్పుడు ఉన్నట్టుండి నా భుజం మీద చరిచాడు. నేను దాదాపు పక్క లేన్‌లోకి పోయాను.

"ఒరేయ్ భాస్కర్, ఆయనకి వాళ్ళ కథే హరికథగా చెప్తానురా. మన ఇంట్లో వాళ్ళ కథ వింటే ఆయనకి ఆ బెంగ పోతుంది."

ఆలోచన మంచిదే. నేనూ మెచ్చుకున్నాను. మర్నాటినుంచి హనుమయ్య యూనివర్సిటీ లైబ్రరీలో మకాం పెట్టాడు. వారం తిరక్కుండా రాజుని పట్టుకొచ్చాడు. అబుల్‌ఖైర్ ఖాన్, పదిహేనో శతాబ్దంలో ఉజ్బెక్ సంచార తెగలనేలినవాడు.

"కల్మిక్కులకి ఉజ్బెక్కుల కథ ఎందుకురా?" అన్నాను.

"అందరూ ఆ మధ్య ఆసియా గడ్డిమైదానాల వాళ్ళే కదా! ఈయన సాక్షాత్తూ చెంఘిజ్ ఖాన్ వంశం. పెద్ద కొడుకు జోచి, జోచి కొడుకు షీబాన్, ఆ షీబాన్ సంతతి. వీళ్ళూ మంగోలులే. ఇంతకన్నా దగ్గర చుట్టరికం ఏం కావాలి?"

"సంజీని ఒక్కమాట అడిగావా?"

"సర్‌ప్రైజ్!" అన్నాడు. మాత్ర మీద పూత సరిగ్గా అంటిందో లేదో మూడుసార్లు పరీక్ష చేసేగాని ముందుకు కదలని మనిషి, కాబోయే అల్లుణ్ణి ఒక్క ప్రశ్న అడగలేదు.

రెండు నెలలు బేస్‌మెంట్లో సాధన చేశాం. ఆ ఖాన్ జీవితం హరికథకి పుట్టినట్టే ఉందని నేను ఒప్పుకోవాలి. మీసాలు సరిగ్గా రాని వయసులోనే సైబీరియా అంచున తెగలన్నీ కలిసి అతన్ని రాజుగా ఎన్నుకున్నాయి. తెల్లటి ఉన్ని కంబళి మీద కూర్చోబెట్టి పైకెత్తడం ఆ జాతుల్లో పట్టాభిషేకం. మూడేళ్ళు తిరక్కుండా దక్షిణాదికి దండెత్తి ఉర్గెంచ్ నగరం పట్టుకున్నాడు. అక్కడి ఖజానా తలుపులు తీసి, సైనికులు ఇద్దరిద్దరుగా లోపలికెళ్ళి మోయగలిగినంత పట్టుకుపోవచ్చన్నాడని చెబుతారు. ఇక్కడ హనుమయ్య ఒక పిట్టకథ పెట్టుకున్నాడు. థాంక్స్‌గివింగ్ మర్నాడు తెల్లవారుజామున చవక టీవీల కోసం షాపు ముందు చలిలో నిలబడ్డ నా అనుభవమే ఆ పిట్టకథ. నా పేరు మార్చమంటే మార్చలేదు.

అంత కష్టపడి పట్టుకున్న ఆ నగరాన్ని, ఆ గాలి పడక, వదిలేసి గడ్డిమైదానాలకు వెళ్ళిపోయాడు ఖాన్. తర్వాత సిర్ నది ఒడ్డున సిగ్నాక్ అనే ఊరిని రాజధాని చేసుకున్నాడు. సమర్‌ఖండ్ సింహాసనం కోసం ఒక రాజకుమారుడు సాయమడిగితే సైన్యంతో బయల్దేరాడు. దారిలో నీటిచుక్క లేని ఎడారి, మండువేసవి. ఉజ్బెక్కుల దగ్గర వాన కురిపించే మంత్రపు రాయి ఉండేదని, దాన్ని తీసి ప్రయోగిస్తే ఆ ఎండలో వాన పడిందని అప్పటి చరిత్రకారులు రాసుకున్నారట. ఈ ఘట్టానికి హనుమయ్య, పాడితే వాన కురుస్తుందని పేరున్న అమృతవర్షిణి రాగం ఎంచుకున్నాడు. ఆ బేస్‌మెంట్ పైపు అప్పటికే కారుతోంది కాబట్టి ఫలితం ఏమిటో చెప్పలేను.

చిక్కంతా చివర్లో వచ్చింది. మన పద్ధతిలో కథ పట్టాభిషేకంతోనో కల్యాణంతోనో ముగియాలి. చావుతో మంగళం పాడకూడదు. ఈ ఖాన్ చూస్తే తూర్పునుంచి వచ్చిన ఒయిరాతులనే జాతి చేతిలో చిత్తుగా ఓడిపోయాడు. ఆ ఓటమితో పరువు పోయింది. కెరె, జానిబెక్ అనే ఇద్దరు బంధువులు తమ తెగల్ని వెంటబెట్టుకుని విడిపోయారు. చివరికి చలికాలంలో దండయాత్రకు బయల్దేరి దారిలోనే చనిపోయాడు. హనుమయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత దారి దొరికింది. ఖాన్ పోయాక కష్టాలపాలైన మనవడు పెద్దవాడై సమర్‌ఖండ్‌నే గెలిచాడు. మంగళం అక్కడ పాడదామన్నాడు. తాతా మనవళ్ళ ముందు పాడేందుకు అంతకన్నా ఏముంటుందని నాకూ సంబరం వేసింది.

యుద్ధానికి కొత్త పాట రాసే ఓపిక అతనికి లేదు. లంకలో రాక్షసుల సైన్యానికి మేనమామ కట్టిన పాత పాటనే తీసి పేరు మార్చాడు. ఒయిరాతులు ఎవరో, ఏమయ్యారో అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం దోర్జీ వచ్చాడు. వెంట సంజీ, అతని తల్లి. సుమతి సంజీ దగ్గర నేర్చుకుని ఉప్పు టీ కాచింది. పెద్దాయన కప్పు ఖాళీ చేసి రెండోది అడిగాడు. సుమతి నావైపు చూసి, "అన్నయ్యగారూ, సగం పెళ్ళి అయిపోయినట్టే," అని గుసగుసలాడింది. మిగతా సగం మా చేతుల్లో ఉంది.

అందరూ బేస్‌మెంట్‌లోకి దిగారు. హనుమయ్య పట్టుపంచె కట్టి, మెళ్ళో ఓక్‌ట్రీ రోడ్డులోని ఇండియన్ షాపు నుంచి తెచ్చిన పూలదండ వేసుకుని, కాళ్ళకు గజ్జెలతో నిలబడ్డాడు. పాట తెలుగులో, మధ్యలో వచనం ఇంగ్లీషులో. కాసేపటికే కథ సాగిపోయింది. కుర్రఖాన్ కంబళి మీద పైకి లేచాడు. ఖజానా తలుపులు తెరుచుకున్నాయి. థాంక్స్‌గివింగ్ టీవీ దగ్గర సంజీ తల్లి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది. ఎడారిలో వాన పడింది. దోర్జీ మాత్రం మోకాళ్ళ మీద చేతులుంచుకుని కదలకుండా కూర్చున్నాడు. ఆ ముఖంలో ఏముందో చదవడం నావల్ల కాలేదు.

సిగ్నాక్ దగ్గర యుద్ధం మొదలైంది. హనుమయ్య గొంతు రెండు స్థాయిలు పెరిగింది.

"వచ్చిరి వచ్చిరి ఒయిరాతులు, వడగళ్ళ వానగ ఒయిరాతులు!
కోరల మీసల ఒయిరాతులు, కొండలు పిండే ఒయిరాతులు!"

వేళ్ళతో కోరలు చూపించాడు. కళ్ళు గుండ్రంగా తిప్పాడు. రాక్షసులు ఎలా నడుస్తారో అలా పాదాలు దడదడలాడిస్తూ గది అంతా తిరిగాడు. తర్వాత ఇంగ్లీషులో, ఒయిరాతులు ఎంత భయంకరులో, వాళ్ళని చూడగానే ఖాన్ గుర్రం ఎలా వెనక్కి తిరిగిందో వర్ణించాడు. గుర్రం సంగతి అతని సొంత కల్పన.

సంజీ నవ్వు ఆగిపోయింది. అతని తల్లి చేతిలోని కప్పుని గట్టిగా పట్టుకుంది. సంజీ విద్య చెవిలో ఏదో చెప్పాడు. విద్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "నాన్నా, స్టాప్. నాన్నా!" అంది. అతను తాళంలో ఉన్నాడు, వినిపించుకోలేదు. అప్పుడు దోర్జీ చెయ్యి పైకెత్తాడు.

గజ్జెలు ఆగాయి. నా చేతులు మృదంగం మీదే ఉండిపోయాయి.

"ఈ కోరలవాళ్ళు," అన్నాడు దోర్జీ నెమ్మదిగా, "ఒయిరాతులు అన్నారు కదా?"

"ఔను సర్."

"అది మేమే."

మేము తెల్లమొహాలు వేశాం. సంజీ మెల్లగా వివరించాడు. ఆ ఒయిరాతుల్లోనే కొన్ని తెగలు తర్వాత పడమటికి, వోల్గా నది దాకా వలస వెళ్ళాయి. వాళ్ళే కల్మిక్కులు. అంటే రెండు నెలలపాటు నేను మృదంగం అరగదీసి తయారుచేసింది వాళ్ళ శత్రువు కథ. ఇందులో రాక్షసులెవరంటే, వియ్యాలవారే.

బరోడాలో చదువుకునే రోజుల్లో దక్షిణాదివాళ్ళందర్నీ ఒకే గాటన కట్టి ఎవరైనా మద్రాసీ అంటే హనుమయ్య ఒంటికాలి మీద లేచేవాడట. ఇప్పుడు తను చేసింది అదే పని. అది అతనికి అప్పుడే తట్టిందని ముఖం చూస్తే తెలిసింది. చిడతలు కింద పెట్టేశాడు. విద్య ఏడవడానికి సిద్ధంగా ఉంది. నాకు అతని మీద పట్టరాని కోపం, దానికి మించిన జాలి, రెండూ ఒక్కసారే వచ్చాయి.

"సర్, నాది పెద్ద తప్పు. గడ్డిమైదానాల వాళ్ళంతా ఒకటే అనుకున్నాను. ముందు అడగాల్సింది," అన్నాడు హనుమయ్య. చేతులు జోడించాడు. "మిమ్మల్ని ఇంటికి పిలిచి ఇలా..."

దోర్జీ ఆ మాట పూర్తి కానివ్వలేదు. "ఆ యుద్ధంలో గెలిచిందెవరు?"

"మీరే సర్."

"మరి ఎందుకు ఆపారు?"

ముందు సంజీ ఫక్కున నవ్వాడు. తర్వాత తల్లి. సుమతి దేవుడికి దణ్ణం పెట్టుకుంది. హనుమయ్య చిడతలు ఎత్తుకుని నావైపు చూశాడు. ఆ చూపు నేను వెంటనే అందుకున్నాను, మృదంగం మోగింది. ఒయిరాతులు మళ్ళీ వచ్చారు. ఈసారి కోరలు ఇంకా పొడుగయ్యాయి.

యుద్ధం తర్వాత కథ నెమ్మదించింది. ఒయిరాతులు సంధి చేసుకుని తమ దారిన తాము వెళ్ళారు. ఓడిన ఖాన్‌ని వదిలి అతనివాళ్ళే గుడారాలు పీకి, బళ్ళ మీద వేసుకుని కదిలిపోయారు. ఎవరు వెళుతున్నారో, ఎవరు మిగిలారో చూస్తూ ఖాన్ నిలబడ్డాడు. హనుమయ్య అక్కడ చిడతలు లేకుండా, ఒక్క గొంతుతో పాడాడు. భాష రాని ముగ్గురూ ఆ పాట విన్నారు. దోర్జీ కుర్చీ అంచుకి జరిగాడు. అప్పటిదాకా మోకాళ్ళ మీదున్న చేతుల్లో ఒకటి పక్కనున్న మనవడి చేతిని పట్టుకుంది.

ఖాన్ మంచుదారిలో కన్నుమూశాడు. మనవడు కష్టాలు దాటి సమర్‌ఖండ్ గెలిచాడు. పట్టాభిషేకం అయింది. మంగళం పాడాం. సుమతి హారతి పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరి ముందుకూ వెళ్ళింది. సంజీ ఎలా కళ్ళకద్దుకున్నాడో చూసి దోర్జీ అలాగే చేశాడు. తర్వాత కూర్చోలేదు.

"శిబిరంలో ఉన్నప్పుడు మేమెవరమో ఎవరికీ తెలియదు," అన్నాడు. "ఈ దేశానికి వచ్చాక చైనావాళ్ళా, జపాన్‌వాళ్ళా అని అడిగారు. పాపం అన్నారు, దుప్పట్లిచ్చారు. మంచివాళ్ళే. కానీ అరవయ్యేళ్ళలో కోరలున్నవాళ్ళని మమ్మల్ని ఎవరూ అనలేదు. మమ్మల్ని చూసి ఒక మహారాజు గుర్రం వెనక్కి తిరిగిందని నా మనవడు ఇవాళ మీ ఇంట్లో విన్నాడు."

హనుమయ్య నావైపు చూశాడు. గుర్రం సంగతి చెప్పెయ్యమంటావా అని ఆ చూపుకి అర్థం. నోరు మూసుకోమని నేను కనుబొమ్మలతో చెప్పాను. నా జీవితంలో ఇచ్చిన మంచి సలహాల్లో అదొకటి.

దోర్జీ విద్యని, సంజీని ఎదురుగా నిలబెట్టుకున్నాడు. రెండు చేతులూ చాచి తన భాషలో పలకడం మొదలుపెట్టాడు. ముందు గొంతు బొంగురుగా ఉంది. తర్వాత మాటల్లో ఒక నడక వచ్చింది. మా చెవులకి అది దాదాపు పాటలాగే ఉంది. సంజీ తల్లి తలవంచుకుని వింటోంది. విద్య చెంపల మీద కన్నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోలేదు. సుమతి చేతిలో హారతి పళ్ళెం అలాగే ఉండిపోయింది. నా కళ్ళు కూడా మసకబారాయి. చెప్పడానికి సిగ్గెందుకు, సంతోషంతోనే.

పెద్దాయన ఆగాక హనుమయ్య సంజీని మెల్లగా అడిగాడు. "ఏమన్నారు బాబూ?"

"దీర్ఘాయువు, పిల్లలు, సుఖం... పెళ్ళికి చెప్పే యొరాల్ సర్. నాకు పూర్తిగా రాదు, కానీ అదే," అన్నాడు సంజీ. తర్వాత తాత వైపు ఒకసారి చూసి నవ్వాడు. "చివర్లో ఒకటి తాత సొంతంగా కలిపారు. పెళ్ళిలో ఈ కథ మళ్ళీ చెప్పాలట. కానీ మావాళ్ళు గెలిచే చోట మీరు చాలా తొందరపడ్డారట సర్. ఇంకాస్త నెమ్మదిగా గెలిపించమంటున్నారు."